ఆగుంబె కనుమలలో బంగారు జరీ

కన్నడ దేశమున శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో, పడమటి కనుమల యంచున, ఆగుంబె యను చిన్న గ్రామము కలదు. ఏటా 7,000 మిల్లీమీటర్లకు మించిన వాన అచ్చట కురియునన్నచో, 900 మిల్లీమీటర్లు పడినను చెరువులు నిండినవని సంతసించు మన సోదరీమణులకు వింతగా దోచును. ఉడుపిలో బస్సెక్కి, హెబ్రి మీదుగా కనుమ యడుగుననున్న సోమేశ్వరము చేరి, అచ్చటినుండి 14 మలుపుల ఘాటు రోడ్డున పైకి పోవలెను. వచ్చువారిలో పెక్కండ్రు సాయంకాలము కొండకొమ్మున నిలిచి, దూరమున సూర్యుడు సముద్రములో గ్రుంకుట చూచి, వేడి కాఫీ త్రాగి, తిరుగు బస్సున బోవుదురు. మేము మాత్రము ఆశ్వయుజమాసమున, వానలు వెనుకపట్టిన పిదప, ఆరు దినములు ఆ ప్రాంతమున నుంటిమి. మేమనగా మేమిరువురు అక్కచెల్లెండ్రము, మా చెల్లెలి కుమార్తెయు. మేము వచ్చినది సూర్యాస్తమయము కొరకు గాదు, ఒక సీతాకోకచిలుక కొరకు.

సీతాకోకచిలుక యను మాటను మనము తరచు వాడుచుందుము గాని అందలి కోకను తలచువారు తక్కువ. కన్నడిగులు చిట్టె యందురు, పాతరగిత్తి యనియు నందురు. ముద్దు పేరులే గాని వానిలో చీర లేదు. ఈ విషయమున మన భాషదే పైచేయి యని మా నమ్మకము. మేము వెదకిన దాని చీర నల్లపట్టు, దానికి బంగారు జరీ. ముందు రెక్కలు నలుపు. వెనుక రెక్కలు పసిమి బంగారు వన్నె, వానికి నల్లని యంచు. మగదాని పసుపు నిండుగా నుండును. ఆడుదాని పసుపుమీద నల్లని చుక్కలు వరుసగా దీరియుండును. పరిమాణమున ఆడుదియే పెద్దది. ఇంగ్లీషున దీనిని సదరన్ బర్డ్‌వింగ్ అందురు. పక్షిరెక్క యన్నమాట. 1932లో కొలిచిన యొక ఆడుదాని రెక్కలు ఈ చివరనుండి ఆ చివరకు 190 మిల్లీమీటర్లు, అనగా జానకు కొంచెము తక్కువ. 2020లో ఉత్తరాఖండములోని దీదీహాట్‌లో దొరికిన దీని హిమాలయపు చుట్టము 194 మిల్లీమీటర్లు తూగువరకు, దేశమున కెల్ల ఇదియే పెద్దదిగా నుండెను. కర్ణాటకమునకు ఇది రాష్ట్ర సీతాకోకచిలుక. నేడో రేపో నశించునది కాదు గాని, దక్షిణ భారతమున దక్క ప్రపంచమున మరెక్కడను లేదు.

మొదటి రెండు దినములు దానిని చూచితిమి గాని పట్టలేకపోతిమి. పట్టుట యనగా కెమేరాతో పట్టుటయే. అది చెట్ల తలలమీదుగా పక్షివలె నెమ్మదిగా తేలిపోవును. మెడ నొచ్చుట తప్ప ఫలము లేదు. ఉదయమున, ఎండ కొమ్మలనుండి నేలకు దిగు వేళ, తేనె కొరకు అదియు దిగును. మన వైపు తలంబ్రాల చెట్టనెడి లాంటానా పూలన్నను, నూరువరహాల పూలన్నను దానికి ప్రీతి. తక్కిన వానివలె పూవుమీద కుదురుగా గూర్చుండదు. తేనె త్రాగుచున్నంతసేపును ముందు రెక్కల నాడించుచునే యుండును. కావున సెకనులో వేయవ వంతు కాలములో పటము తీయవలెను, లేనిచో రెక్కలకు బదులు నల్లని పొగ పడును. మా పిల్ల చెప్పిన మరికొన్ని మెలకువలు గలవు. మన నీడ దానిమీద బడరాదు. నిలువుగా నడచిపోక, వంగి, ప్రక్కనుండి, ఆగి యాగి పోవలెను. పరచిన రెక్కలకు కెమేరా ముఖము సమముగా నుండవలెను, లేనిచో ఒక రెక్క స్పష్టముగను రెండవది మసకగను వచ్చును. వీనిలో మొదటివి రెండును నిద్రించు పసిబిడ్డ యున్న గదిలో మెలగిన ప్రతి తల్లికి వచ్చిన విద్యలే.

జలగల మాట చెప్పక తప్పదు. ఆ తడియాకులలో అవి సూదులవలె నిలిచి మన రాకకు వేచియుండును. మా యక్క చీర కుచ్చెళ్ళను మోకాలివరకు నెగగట్టి, ఉప్పు మూట యొకటి చేత బట్టి, కనబడిన దానికెల్ల తాకించుచు నడచెను. మా పిల్ల నవ్వినది గాని, మూడవనాటికి తానును ఒక మూట కట్టుకొనెను.

ఇట్టి పనికి ఆడువారు బయలుదేరుట క్రొత్త గాదు. మరియా సిబిల్లా మేరియన్ అను జర్మను వనిత 1699లో, తన 52వ యేట, చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని ఓడ యెక్కి దక్షిణ అమెరికాలోని సురినామునకు బోయి, రెండేండ్లు అడవులలో పురుగులను, వాని చిలుకలను చూచి బొమ్మలు గీచినది. జబ్బుపడి తిరిగి వచ్చినను విడువక 1705లో గ్రంథము ప్రకటించినది. పురుగులు బురదనుండి పుట్టునని పెద్దలు సైతము నమ్ముచుండిన కాలమది. ఆమె ప్రతి పురుగును అది తిను మొక్కమీదనే చిత్రించినది. మా మట్టుకు ఆమె గొప్పతనమంతయు నందే యున్నదని తోచును. రెక్కలను వెదకువారు మొదట ఆకును వెదకవలెను.

మాకు ఆ బుద్ధి మూడవనాడు సోమేశ్వరము దగ్గరి పోకతోటలో ఒక అవ్వ వలన గలిగినది. వచ్చీరాని కన్నడమున మా కోరిక చెప్పగా, ఆమె తోట వెనుక కంచె యొద్దకు గొనిపోయి ఒక తీగను జూపినది. వారు ఈశ్వరి బళ్ళి యందురు. మన పల్లెలలోని ఈశ్వరి తీగయే. ఆకు వెనుక ముదురెరుపు మకమలు వంటి పురుగొకటి, నడుమున తెల్లని పట్టీతో, ఒడలెల్ల మెత్తని ముండ్లతో నుండెను. కొంచెము ప్రక్కగా, ఎండుటాకు ముడుచుకొన్నట్లు రెండు గూళ్ళు, నడుమునకు పట్టుదారము గట్టుకొని కొమ్మకు వ్రేలుచుండెను. అవ్వ ఒక దానిని గడ్డిపోచతో దాకగా, అది లోనుండి బుస్సుమనెను! మా యక్క రెండడుగులు వెనుకకు వేసినది.

ఈ తీగను గూర్చి గృహిణులు తెలిసికొనవలసిన దొకటి యున్నది. దీని వేరు పాముకాటునకును, కడుపునొప్పికిని మందని మన పల్లెలలో నేటికిని త్రవ్వుదురు. ఈ జాతి మొక్కలలో మూత్రపిండములను చెరుపు విషము గలదు. బెల్జియము దేశమున సన్నబడుటకని యిచ్చిన మందులో ఈ కుటుంబపు మూలిక కలియగా, నూరుమందికి పైగా స్త్రీలు మూత్రపిండములు చెడి బాధపడిరి. కావున ఇంటి వైద్యమునకు దీనిని ముట్టకుండుటయే మేలు. మనుష్యునకు విషమైనది ఆ పురుగునకు కవచము. ఆకులోని విషమును అది తన యొడలిలో దాచుకొనును, రెక్కలు వచ్చిన పిదపను అది పోదు. పక్షులు ఒకసారి రుచి చూచి మరల జోలికి పోవు. మన పెరటి కరివేపాకునకును ఈ కథలో వంతు గలదు. దానిపై మొదట పక్షిరెట్టవలెను, పిదప పచ్చగను కనబడు పురుగు మంచి తిండి తినునదే గాన విషము లేనిది. అందుచే దాని యాడు చిలుకలలో కొన్ని, ఈశ్వరి తీగ తిని పెరిగిన ఎర్రచుక్కల చిలుకల వేషము వేసికొని తిరుగుచుండును. కరివేపాకు పురుగును నలిపివేయు సోదరీమణులు ఒక దానినైన విడిచి, గూడు కట్టువరకు చూడవలెనని మా మనవి.

చిక్కొకటి వచ్చినది. అవ్వ కుమారుడు దీపావళిలోగా ఆ కంచె నంతయు నరికించి, పోకమొక్కలు నాటించుటకు కూలివారిని కుదిర్చియుండెను. తీగ పశువులకు చెరుపని ఆయన మాట. అది అబద్ధము గాదు. మా పిల్ల, “పెద్దమ్మా, కొమ్మతో గూడ కోసికొని పోవుదము. బసలోనైన బ్రదుకును, పుట్టునప్పుడు పటమును దీయవచ్చును” అని బ్రతిమాలినది. బసలో వెచ్చదనము, తేమ అడవిలోవలె నుండవు. పైగా రెక్క విప్పుకొనిన దానిని మరల ఈ కనుమలకు దెచ్చు వారెవరు? వలదంటిమి. పిల్ల యా పూట అన్నము సరిగా తినలేదు.

మరునాటి యుదయమున ఆడు చిలుక యొకటి ఆ కంచెకే వచ్చినది. ఆకుమీద వ్రాలి ముందుకాళ్ళతో తట్టి చూచినది. సీతాకోకచిలుకలు పాదములతో రుచి చూచును. రెండాకులను విడిచి, మూడవదాని యడుగున ఒక్క గ్రుడ్డు పెట్టి లేచినది. పిల్ల మోకాళ్ళమీద నుండి ఏడు పటములు దీసినది. వానిలో రెండు చక్కగా వచ్చినవి. వానిని కెమేరా వెనుకనే పెద్దగా జేసి అవ్వకును, ఆమె కుమారునకును చూపితిమి. ఆయన మాటాడలేదు. అవ్వ మాత్రము, “పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లను ఎవరైన సాగనంపుదురా? ఆ మూల ఆరడుగులు విడువుము. నా పోకచెట్లు నాకు చాలును” అనినది. ఆవుల నాప్రక్కకు విడువరాదని మనుమనికి ఆజ్ఞయు నైనది.

అయిదవనాడు కొండమీది దట్టపు టడవిలో, తెల్లని కాగితపు ముక్క గాలిలో తేలినట్లు, మలబారు ట్రీ నింఫ్ అను మరియొక దానిని చూచితిమి. పడమటి కనుమలకే పరిమితమైన జాతి, పైదానికన్న అరుదు. చెట్ల నడుమ రెండు నిమిషములు దిగక తేలి వెళ్ళిపోయినది. పటము రాలేదు.

ఇల్లు చేరిన పదునాలుగవ నాడు అవ్వ మనుమడు తన ఫోనునుండి పటమొకటి పంపినాడు. చీలిన గూటిమీద, ఇంకను ముడతలు విడని రెక్కలతో, క్రొత్త చిలుక వ్రేలుచున్నది. చేయి కదలి కొంత మసకబడినది గాని, పసుపుమీది నల్లని చుక్కలు లెక్కకు వచ్చుచున్నవి. ఆడుదే.