లూఫీతో ఓడ ఎక్కేవారికి

ఐఇచిరో ఓడా 1997లో వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో మొదలుపెట్టిన ‘వన్ పీస్’ మాంగా వంద సంపుటాలు దాటింది. 1999లో వచ్చిన ఆనిమే కూడా వెయ్యి ఎపిసోడ్లు దాటేసింది. ఇంత కథలోకి కొత్తగా దిగేవాళ్లు దేన్ని పట్టుకుని నడవాలి? ఓడా చేతిరాతనే పట్టుకోమంటాను నేను.

సంపుటాల్లో అధ్యాయాల నడుమ ‘ఎస్‌బీఎస్’ పేజీలుంటాయి. పాఠకులు అడిగినవాటికి ఓడాయే జవాబులిస్తారు. కథానాయకుడు లూఫీ మన లోకంలో పుట్టుంటే ఏ దేశంవాడు? బ్రెజిల్. మరి అతని ఓడలో వంటవాడు సాంజీ? ఫ్రాన్స్. విడి అధ్యాయాలు మాత్రమే చదివేవాళ్లకు ఇవి కంటబడవు.

అధ్యాయాల ముఖచిత్రాలను గబగబా తిప్పేయకండి. స్కైపియా అనే ఆకాశ ద్వీపంలో ఓడిన ప్రతినాయకుడు ఎనెల్ చంద్రుడి మీదికి చేరి, శిథిల నగరాన్నీ, గోడల మీద రెక్కల మనుషుల బొమ్మల్నీ చూసే కథంతా అధ్యాయానికో బొమ్మ చొప్పున అక్కడే నడిచింది. మాటలు తక్కువ, ఊహకు చోటెక్కువ. ఆనిమే కన్నా మాంగా మీదే నాకు మక్కువ ఇందుకే.

రంగుల బొమ్మలకు ‘కలర్ వాక్’ పుస్తకాలున్నాయి, పాత్రల వివరాలకు ‘వివ్ర్ కార్డ్’ ఉంది. అభిమానుల వికీల వెనక ఎంతో శ్రమ ఉంది. కానీ ఒక్క పేరు వెతకబోతే ఆ పాత్ర గతి మొత్తం ముందే తెలిసిపోతుంది. కథను అందుకునేదాకా అటు వెళ్లకండి. మొదలుపెట్టడానికైతే, ప్రచురణకర్తలు షుయేషా వారి మాంగా ప్లస్‌లో మొదటి మూడు అధ్యాయాలూ ఉచితం. సముద్రపు దొంగ షాంక్స్ తన గడ్డిటోపీని లూఫీ తలమీద పెట్టేది మొదటిదాంట్లోనే.