జర మగ్గం బంద్ చెయ్యి

షోలాపూర్ దాజీ పేట్‌లో తెలుగు వినాలంటే ముందు పవర్‌లూముల చప్పుడు దాటాలి. తరాల కింద తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీల ఇళ్లు. సాంచా, అంటే పవర్‌లూమ్, దగ్గర పనిచేసేవాళ్లు ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేస్తారు. నేను వెళ్లిన ఇంటి పెద్దాయనకు ఇప్పుడు ఆ అలవాటే ఆధారం. వెంటిలేటర్ మీద చాలాకాలం ఉండడంతో గొంతు కింద రంధ్రం చేసి (ట్రాకియాస్టమీ) ట్యూబు పెట్టారు. శ్వాస దాంట్లోంచే, గొంతు రాదు కాబట్టి ఇంట్లోవాళ్లు పెదవులు చదువుతున్నారు.

ట్యూబు తీసే రోజు దగ్గరపడిందా అని చూడడానికి స్పీచ్ థెరపిస్టు వచ్చింది. ఆమె మొదట అడిగింది పరికరం కాదు. "అన్నా, జర మగ్గం బంద్ చెయ్యి" అంది కొడుకుతో. ఆమె చెవితోనే సగం పరీక్ష.

కఫం తీసేసింది. ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగను, అంటే కఫ్‌ను, సిరంజితో పూర్తిగా ఖాళీ చేసింది. ఇది మరిస్తే ప్రాణం మీదికొస్తుంది: ట్యూబు మూస్తే గాలి పైకి పోయే దారే ఉండదు. వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించి, ఊపిరి వదిలేటప్పుడు ట్యూబును గ్లవ్సు వేలితో క్షణం మూసింది. ముక్కు కింద పెట్టిన అద్దం మసకబారింది. "కాకా, ఆ అను." బొంగురుగానైనా గొంతు వచ్చింది. మెడ మీద స్టెతస్కోపు పెట్టి, ఈలలాంటి చప్పుడేమైనా ఉందా అని విన్నది.

తర్వాత స్పీకింగ్ వాల్వు. ఇలాంటి ఒక వాల్వును 1980లలో రూపొందించిన అమెరికన్ డేవిడ్ మ్యూర్ కండరాల జబ్బు వల్ల స్వయంగా ట్రాకియాస్టమీ ట్యూబుతో బతికినవాడు. వాల్వు గాలి పీల్చేటప్పుడు తెరుచుకుంటుంది, వదిలేటప్పుడు మూసుకుంటుంది. గాలి స్వరతంత్రుల మీదుగా పోతుంది. కాసేపయ్యాక వాల్వు తీసినప్పుడు బుస్సుమని గాలి తన్నుకొస్తే లోపల ఇరుకున్నట్టు అనుమానించాలి. ఒత్తిడి మీటరు కలిపితే అంకె కూడా దొరుకుతుంది: నిమ్మళంగా ఊపిరి వదిలే చివర్లో 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటితే ముందుకు పోకూడదు.

గొంతు వినబడేసరికి ఇంటివాళ్లు సంబరపడ్డారు. నాకైతే ఇక్కడే జాగ్రత్త అవసరమనిపించింది. వాల్వుతో పరీక్షించేది వదిలే ఊపిరినే, పీల్చేది ఇంకా ట్యూబులోంచే. స్వరతంత్రులు రెండూ చచ్చుబడితే ఇబ్బంది ఎక్కువగా పీల్చేటప్పుడే. పైగా ఇరుకు ఎక్కడుందో, ఎంతుందో ఇవేవీ చూపించవు. దానికి ముక్కులోంచి సన్నని స్కోపు దించాల్సిందే.

"మరి ట్యూబుకు మూత పెట్టుకొని రాత్రి పండుకోవచ్చునా?" ఇల్లాలు అడిగింది.

"ఇంట్ల వద్దు కాకీ. స్కోపు చూసినంక, ఆస్పత్రిల, మనిషి పక్కనుండంగ."