నడిమివారి ఓటు

మా మనుమరాలు సాంఘికశాస్త్రపు పుస్తకము ముందర పెట్టుకొని, మొన్న నొక సాయంకాలము మమ్ము నొక ప్రశ్న యడిగెను. "తాతగారూ, రాజ్యసభ మెంబరుకి మీరెప్పుడైనా ఓటు వేశారా?" లేదంటిమి. "మరి మన రాష్ట్రం తరఫున వెళ్ళాడని పుస్తకంలో ఉందే!" అనెను. శాసనసభ్యులను మనమెన్నుకొందుము, వారు రాజ్యసభ సభ్యుల నెన్నుకొందురు, కనుక మన ఓటు వారి చేతిమీదుగా పోవునని మేము చెప్పబోవునంతలో ఆ పిల్ల పుస్తకము మూసి లేచిపోయెను. మేము చెప్పబోయిన సమాధానములో తప్పు లేదు. అయినను ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు. అందులకు కారణము రాజ్యసభ కాదు. ఇరువది యేండ్లు దాటిన ఒక ఇంటి సంగతి జ్ఞప్తికి వచ్చినది. అది చెప్పుటకు మాకు కొంచెము సిగ్గుగా నున్నందున, ముందుగా దూరదేశపు కథతో ప్రారంభించుచున్నాము. చదువరులు మన్నింతురు గాక.

1787లో అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమును వ్రాసిన పెద్దలు రెండు సభల నేర్పరచిరి. క్రిందిసభకు ప్రజలు నేరుగా ఓటు వేయవలెను. పై సభయగు సెనేటునకు మాత్రము ఒక్కొక్క రాష్ట్రమునుండి యిద్దరిని, ఆరేండ్ల గడువునకు, ఆ రాష్ట్రపు శాసనసభ ఎన్నుకొనవలెను. జనసమూహము ఆవేశపడినను, వారు పంపిన పెద్దమనుష్యులు నిదానించి ఆలోచింతురనియు, రాష్ట్రప్రభుత్వములకు కేంద్రములో ఒక పీట యుండుననియు వారి తలంపు. తలంపు మంచిదే. నూరేండ్లు గడచునప్పటికి దాని గతి యేమైనదో చూడుడు.

1858లో ఇల్లినాయి రాష్ట్రములో అబ్రహాము లింకను, స్టీఫెన్ డగ్లసు అను వారిరువురు సెనేటు పదవికి పోటీపడి, ఊరూర వేదిక లెక్కి బానిసత్వమును గూర్చి వాదించిరి. జనులు వేలకొలది వచ్చి వినిరి. కాని విన్నవారిలో ఒక్కడును ఆ యిద్దరిలో నెవ్వరికిని ఓటు వేయలేదు, వేయుటకు వీలు లేదు. 1859 జనవరిలో శాసనసభ 54 ఓట్లతో డగ్లసును ఎన్నుకొనెను. లింకనునకు వచ్చినవి 46. ఇది సభ్యముగా జరిగిన ఎన్నిక. అన్నియు నిట్లు జరుగలేదు. శాసనసభలోని పక్షములు పట్టుదలకు పోయి ఎవ్వరిని ఎన్నుకొనక కాలము గడుపుచుండగా, 1866లో ఒక చట్టము చేసి, ఎన్నిక తెమలువరకు ప్రతిదినము ఒక్కసారియైన ఓటు తీయవలెనని నియమించిరి. అప్పటికిని తెమలలేదు. డెలవేరు అను చిన్న రాష్ట్రమునకు 1901 మొదలు 1903 వరకు సెనేటులో ఒక్కడును లేకపోయెను. మొంటానాలో 1899లో రాగిగనుల కోటీశ్వరుడు విలియం క్లార్కు అభ్యర్థిగా నుండగా, వైట్‌సైడ్ అను సభ్యుడు ముప్పదివేల డాలర్లున్న కవరులను సభ యెదుట బయటపెట్టెను. అయినను ఆ శాసనసభ క్లార్కునే ఎన్నుకొనెను! సెనేటు విచారణ జరిపి యెన్నిక చెల్లదని తేల్చబోవుచుండగా 1900లో ఆయన రాజీనామా చేసెను; మరుసటి యేటనే తిరిగి ఎన్నికయ్యెను.

ఆ దేశపు కథలో మాకు మిక్కిలి నచ్చినది ఆరెగాను రాష్ట్రపు సంగతి. అక్కడి ప్రజలు రాజ్యాంగము మారువరకు కాచుకొని కూర్చుండలేదు. శాసనసభకు నిలుచువానినే, "సెనేటునకు ప్రజలు ఎవనికి ఎక్కువ ఓట్లు వేయుదురో, వాని పక్షమేదైనను వానినే ఎన్నుకొందును" అని మాట వ్రాసి యిమ్మనిరి. 1909లో అక్కడి శాసనసభలో రిపబ్లికను పక్షమువారే యధికులు. ప్రజలు కోరినవాడు డెమొక్రాటు పక్షపు ఛేంబర్లేను. మాట యిచ్చిన రిపబ్లికనులు మాటకు కట్టుబడి ఎదుటిపక్షమువానిని సెనేటునకు పంపిరి. మన పక్షములలో నట్టి దొకటి జరిగినయెడల ఆ సభ్యుడు మరునాడు ఇంటికి చేరునా యని మాకు సందేహము. 1913లో పదునేడవ సవరణ అమలులోనికి వచ్చి, సెనేటునకును ప్రజలే నేరుగా ఓటు వేయుట మొదలయ్యెను.

మన దేశము ఆ విడిచిన పద్ధతిని ఎత్తుకొన్నది. ఇందులో తప్పంతయు నున్నదని మేమనము. 1946లో మన రాజ్యాంగ సభనే రాష్ట్ర శాసనసభలవా రెన్నుకొనిరి. ఆనాడు ఓటుహక్కు కొద్దిమందికే యుండెను. నేరుగా ఎన్నిక జరిగియుండినచో మదరాసు రాష్ట్రమునుండి మన దుర్గాబాయిగారికి, దళిత కుటుంబములో పుట్టిన దాక్షాయణీ వేలాయుధన్ గారికి ఆ సభలో చోటు దొరికియుండునా యని అడిగినచో, దొరికియుండునని గట్టిగా చెప్పలేము. నడిమివారు మంచివారైనప్పుడు ప్రజలకంటె ఒక అడుగు ముందుండగలరు. 1952లో ఏర్పడిన రాజ్యసభలో నేడు ఆంధ్రప్రదేశమునకు 11, తెలంగాణమునకు 7 స్థానములు గలవు. 2003లో చట్టము మార్చి రెండు పనులు చేసిరి. అభ్యర్థి ఆ రాష్ట్రపు ఓటరు కానక్కరలేదనిరి. శాసనసభ్యుడు తాను వేసిన ఓటును తన పక్షపు ఏజెంటునకు చూపి వేయవలెననిరి. సొమ్మునకు అమ్ముడుపోకుండుటకే యీ కట్టడి యని వాదము. 2006లో సుప్రీముకోర్టు రెంటిని సమర్థించినది. అయితే సభ్యుడు తన ఓటును చూపునది పక్షమునకు. అతనిని పంపిన మనకు కాదు.

తాడేపల్లిగూడెములో మా మిత్రుడొకరు ఉల్లిపాయల కమీషను వ్యాపారము చేయుదురు. పాసెంజరు బండిలో భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు మీదుగా పోయి నెలకొక మారు వారిని చూచి వచ్చుట మాకు అలవాటు. ఈ ప్రశ్న వారి ముందు పెట్టితిమి. బస్తాలోనుండి ఒక ఉల్లిపాయ తీసి, "రైతు ఎవరో తినేవాడికి తెలియదు, తినేవాడెవరో రైతుకి తెలియదు. ఇద్దరికీ తెలిసింది నేనొక్కణ్ణే. అందుకే నాకు కమీషను" అనిరి. తమ వృత్తిని గూర్చి ఇంత నిర్మొహమాటముగా చెప్పువారు రాజకీయములలో తక్కువ.

ఇక ఇంటి సంగతి. 1987లో మేము ఉపాధ్యాయవృత్తిలో కొల్లేటి ప్రక్క పల్లెలో నుంటిమి. ఆ యేడు మండలాధ్యక్షునికిని, జిల్లా పరిషత్తు అధ్యక్షునికిని కూడ గ్రామస్థులే నేరుగా ఓటు వేసిరి. మేమును వేసితిమి. తరువాత 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చి, మండల, జిల్లా స్థాయిలలో అధ్యక్షుని ఎన్నికైన సభ్యులే తమలోనుండి ఎన్నుకొనవలెనని దేశమంతటికి విధించినది. స్త్రీలకు మూడవవంతు స్థానములు ఇచ్చినదియు ఆ సవరణయే. ఒక చేత నిచ్చి, రెండవ చేత నేమి తీసికొన్నదో మాకు 2001లో తెలిసినది.

మా మేనకోడలిని కొల్లేటి లంక గ్రామమున కిచ్చితిమి. పదవతరగతి చదివినది. 2001లో ఆ ఊరి మండల ప్రాదేశిక స్థానము స్త్రీలకు రాగా, భర్త పేరుతో గాక తన పేరుతోనే నిలిచి గెలిచెను. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరు ఆ సరస్సు నడుమ, చుట్టును నీరే. త్రాగుటకు మాత్రము గుక్కెడు నీరు లేదు. ఆడవారు బిందెలు దోనెలలో పెట్టుకొని పోయి మంచినీరు తెచ్చుకొనెడివారు. ఆమెకు ఓటు వేసినవా రడిగినది ఆ యొక్కటే.

మండలాధ్యక్షుని ఎన్నికకు నాలుగు రోజుల ముందు భార్యాభర్తలు ఏలూరులో మా యింటికి వచ్చిరి. సభ్యులు రెండు పక్షములుగా దాదాపు సమానముగా నుండిరి; కనుక ఒక పక్షమువారు తమ సభ్యులను వ్యానులో నెక్కించుకొని ఎక్కడికో కొనిపోవుచున్నారు. దీనిని ఈ ప్రాంతములో క్యాంపు అందురు. పిల్లవానిని మావద్ద విడిచిపోవుటకై వచ్చిరి. భర్త వీధిలోనికి పోయినప్పుడు ఆమె వంటింటి గడపలో నిలిచి మమ్మడిగెను:

"మామయ్యా, ఇద్దరిలో మా ఊరికి మంచినీళ్ళ చెరువు ఎవరు తవ్విస్తారో అడిగి, వాళ్ళకే చెయ్యెత్తుదామనుకున్నాను. ఈ బండెక్కితే ఇంక అడగడానికి ఉండదు. వెళ్ళనా, మాననా?"

స్త్రీవిద్యను గూర్చియు, స్త్రీల ఆస్తిహక్కును గూర్చియు మేము ఎన్ని సభలలో మాటలాడితిమో లెక్కలేదు. ఆనాడు మా నోట వచ్చినది: "మీ ఆయనను కాదని ఏం చేస్తావమ్మా, వెళ్ళి రా."

ఆమె మరి మాటలాడలేదు. అయిదేండ్ల పిల్లవాడు నాలుగు రాత్రులును తల్లికొరకు ఏడ్చెను. మా యింటివారు ఆ నాలుగు దినములును మాతో ముభావముగా నుండిరి. పిల్లవాని యేడుపే కారణమని మేము సరిపెట్టుకొంటిమి.

మండలాధ్యక్షుని ఎన్నికలో పెట్టెయు కాగితమును లేవు, చేతులెత్తుటయే. పక్షపు విప్పును ధిక్కరించినచో సభ్యత్వము పోవును. తరువాత నామె చెప్పినదానిని బట్టి, వారిని వ్యానులోనుండి నేరుగా సభామందిరమునకు తెచ్చిరట. ఆమెను నడుమ కూర్చుండబెట్టిరట. పేరు చదివినప్పుడు ప్రక్కనున్నవారు ఆమె మోచేయి పట్టుకొని పైకెత్తిరట. "నేను ఎత్తేదాన్నే మామయ్యా, అంత తొందరెందుకో!" అని ఆమె నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ఆ సాయంకాలము రేవులో దోనె దిగగానే బిందెలతో నున్న ఆడవారు, "ఎవరికి వేశావమ్మా? చెరువు సంగతి అడిగావా?" అని చుట్టుకొనిరట. పేరు చెప్పినది. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఇంటిలోనికి పోయినదట.

ఆ దసరాకు వారి వాకిట క్రొత్త మోటారు సైకిలు ఉండెను. మే మడుగలేదు.

చాటుగా ఓటు వేసినచో సభ్యుడు అమ్ముడుపోవును, బాహాటముగా వేసినచో సభ్యురాలి మోచేతిని ఇంకొకరు పట్టుకొందురు. ఈ రెంటిలో నేది మేలని మమ్మడిగిన మిత్రులు గలరు. రెండింటిలోను కొనువానికి దారి యున్నదనియే మా అనుభవము. మండలమందు పదిపదునైదుగురు సభ్యులను ఒక వ్యానులో నింపవచ్చును. మండలములోని ఓటర్ల నందరిని ఏ వ్యానులోను నింపలేరు. నేరుగా ఎన్నిక జరిగిన 1987లోను సారాయును, సొమ్మును పారినవి. మేము కన్నులార చూచితిమి. అయినను ఆనాడు మా ఓటు నెవ్వరును ఊరు దాటించి దాచలేదు.

మొన్న కార్తికమాసములో కొల్లేటికోట పెద్దింట్లమ్మను చూచి, మేనకోడలి ఊరికి పోయితిమి. మా ప్రశ్నల మనుమరాలిని కూడ తీసికొనిపోయితిమి. ఇప్పుడు రోడ్డు కలదు, ఆటోలో పోవచ్చును. చేపల చెరువుల గట్లమీద కొంగలు బారులు తీరియున్నవి. మేనకోడలికి తల నెరసినది. ఆ పిల్లవాడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. మనుమరాలు ఊరకుండక, "అత్తా, నువ్వు ఓటువేసి ప్రెసిడెంటుని చేశావట కదా, ఎలా వేశావు?" అని అడిగెను. మేము తలవంచుకొంటిమి. ఆమె మావైపు చూచి, వెంటనే పిల్లవైపు తిరిగి, "చెయ్యెత్తి" అనెను.

పిల్ల తన చేయి యెత్తి చూపెను. ఆమె లోనికి పోయి గ్లాసులతో నీరు తెచ్చెను. త్రాగి చూచితిమి, తియ్యగనే యున్నవి. ఎక్కడివని అడిగితిమి. ప్లాస్టికు డబ్బాలలో బండిమీద వచ్చునట. రోజు విడిచి రోజు కొనుచున్నారట.