కొరియన్‌కి దగ్గరి దారి మన గుణింతమే

కొరియా క్లయింటు పుణ్యమా అని ఆర్నెల్లుగా కొరియన్ నేర్చుకుంటున్నాను. "అమ్మో, ఆ బొమ్మల లిపా!" అంటారు చాలామంది. బొమ్మలు కావండీ, అక్షరాలే. చైనా లిపి నేర్చుకునే తీరిక లేని మామూలు జనం కోసం సెజోంగ్ రాజు 1443లో తయారుచేసి, 1446లో ప్రకటించాడు. అప్పుడు 28, ఇప్పుడు 24.

హల్లుకి అచ్చు చేర్చి ఒక గడిలో కూర్చోబెడతారు, మన గుణింతంలాగే. చివర ఇంకో హల్లొస్తే మన ఒత్తులా కిందకి చేరుతుంది. మనం ద కింద గీత పెట్టి ధ చేసినట్టు, వాళ్ళు క కి గీత చేర్చి ఖ చేస్తారు. క్రియ వాక్యం చివరే. దానికి "యో" తగిలిస్తే మర్యాద. మాటమాటకీ "అండి" తగిలించే మా గోదారోళ్ళకి ఇది ఒకరు నేర్పాలా, ఆయ్!

చిక్కల్లా ఇంగ్లీషు అక్షరాలతో నేర్చుకుంటేనే. కియా, కకావో, రెంటికీ ఇంగ్లీషులో ఒకటే 'కె'. కొరియన్‌లో మాత్రం కియాది క, కకావోది ఖ. పక్కన తెలుగులో రాసుకుంటే గొడవే లేదు.

మా టీములో కుర్రాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళకి ఈ సుళువు లేదు. "తెలుగు చదివితే ఉద్యోగాలొస్తాయా?" అనేవాళ్ళకి ఒక్క మాట. 2019 నుంచి మన పెనుకొండ దగ్గరే కియా కార్లు తయారవుతున్నాయి. కొరియన్ మన రాష్ట్రంలోనే అన్నం పెట్టే భాషయింది. ఆ భాషకి మనకున్న అడ్డదారి రెండో క్లాసు తెలుగు వాచకంలోనే ఉంది. పిల్లలకి అది మూసేయడం దేనికి? ఏమంటారు?