రెంబ్రాంట్ చూడని రేవు

సూరత్‌లో ముగలీసరా అంటే జనానికి తెలిసింది నగరపాలక సంస్థ కార్యాలయమే. పన్నుల కోసం, సర్టిఫికెట్ల కోసం తిరిగే ఈ కట్టడాన్ని 1644లో, షాజహాన్ హయాంలో సత్రంగా కట్టారు. హజ్ యాత్రికులు ఓడ ఎక్కేముందు ఇక్కడ బస చేసేవారు. ఊరికి 'మక్కా ద్వారం' అన్న పేరు అలా వచ్చిందే.

అదే రేవు నుంచి డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు నీలిమందు, నూలుబట్టలు తీసుకెళ్లేవి. ఆమ్‌స్టర్‌డామ్ చేరిన మొగల్ సూక్ష్మచిత్రాలు కూడా ఈ దారినే వెళ్లి ఉంటాయన్నది కళాచరిత్రకారుల అంచనా. వాటి ముందు కూర్చున్నవాడు సామాన్యుడు కాదు. బైబిల్ ఘట్టాలను వెలుగునీడల్లో చూపిన రెంబ్రాంట్.

హాలెండ్ దాటి ఎరుగని ఆ చిత్రకారుడు 1656లో దివాలా తీశాడు. ఇంచుమించు ఆ ఏడాది నుంచి 1661 దాకా, చేతిలో డబ్బు లేని రోజుల్లో, ఖరీదైన ఆసియా కాగితం మీద మొగల్ బొమ్మలకు నకళ్లు గీశాడు. ఇరవైకి పైగా మిగిలాయి. షాజహాన్ కూడా వాటిలో ఉన్నాడు. ఆ మధ్యలోనే, 1658లో, అసలు షాజహాన్ ఆగ్రా కోటలో కొడుకుకు బందీ అయ్యాడు. తోడుగా ఉన్న కూతురు జహనారాకే ఒకప్పుడు సూరత్ రేవు ఆదాయం రాసిచ్చాడు.

ఆ నకళ్లలో ఒకటి చెట్టు కింద కూర్చున్న నలుగురు షేక్‌లది. 1656 నాటి ఎచింగ్‌లో అబ్రహాం ఇంటికి వచ్చిన దైవదూతలు అచ్చం అలాగే నేల మీద కూర్చున్నారు. నడుమ తెల్లగడ్డం పెద్దాయన. కూజా పట్టుకున్న అబ్రహాం వంగి నిలబడ్డాడు. తలుపు చాటున సారా. ముస్లింలకు ఆ అబ్రహామే ఇబ్రహీం ప్రవక్త. ముగలీసరాలో దిగిన యాత్రికులు మక్కా వెళ్లింది ఆయన నిలిపిన కాబా దర్శనానికే.

1580లో జెసూట్లు అక్బర్ కొలువుకు బైబిల్ బొమ్మలు తేవడం, ఆస్థాన చిత్రకారులు వాటిని అనుకరించడం తరచూ చెప్పుకునే కథ. ఈ ఎదురు ప్రయాణం గురించి మాట్లాడేవారు తక్కువ. కతార్‌గాం వైపు డచ్చివారి శ్మశానంలో 1691లో చనిపోయిన కంపెనీ అధికారి వాన్ రీడ్ సమాధి చిన్నపాటి రాజమహల్‌లా ఉంటుంది. షేక్‌ల బొమ్మ గీసినవాడికి పేరైనా మిగల్లేదు. బొమ్మ మాత్రం వియన్నాలో, షోన్‌బ్రున్ రాజప్రాసాదంలో ఉంది. 1760 దశకంలో అక్కడి గది అలంకరణ కోసం మొగల్ చిత్రాలను కత్తిరించి, కొత్త ఆకారాల్లో గోడలకు అతికించారు.