చేతులు మారిన కారు

పూర్వం సంతలో ఎద్దును కొనేవాళ్ళకి ఒక పద్ధతి వుండేది. పళ్ళు పట్టి చూసేవాళ్ళు, సుడులు చూసేవాళ్ళు, గిట్టలు ఎత్తి చూసేవాళ్ళు. బండికి కట్టి నాలుగు ఫర్లాంగులు తోలి చూసేవాళ్ళు. ఇన్నీ అయినాక, తెలివైన రైతు అమ్మేవాడి వూరివాణ్ణి ఎవణ్ణో పక్కకి పిలిచి, "ఆయన దీనికి మేత సరిగ్గా వేస్తాడా?" అని చల్లగా అడిగేవాడు. ఎద్దు సంగతి సగం ఎద్దులో కనబడుతుంది. తక్కిన సగం దాన్ని మేపిన చేతిలో వుంటుంది.

పాత కారు కొనడం కూడా అచ్చం ఇలాంటి వ్యవహారమే. కాకపోతే, ఎద్దుకి రంగు వేయించి వయస్సు తగ్గించి అమ్మడం కష్టం. కారు విషయంలో అది ఒక పూట పని.

కొత్త కారు కొనడానికి డబ్బుంటే చాలు. పాత కారుకి, డబ్బు తక్కువైన కొద్దీ జాగ్రత్త ఎక్కువ కావాలి. వున్నవాడు మోసపోతే ఆ కథ నలుగురికీ చెప్పి నవ్వుకుంటాడు. లేనివాడు మోసపోతే, ఆ బండి వాడి గుమ్మం ముందు కదలకుండా నిలబడి, పొద్దున్న లేచిన దగ్గర్నించీ వాణ్ణి చూసి నవ్వుతుంది.

ఈ విచారం నాకు మా బావగారి మూలంగా వచ్చింది. ఆయనకి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి 3 సార్లు డయాలిసిస్. కాపురం తెనాలి, ఆస్పత్రి గుంటూరు. అక్కడ 4 గంటలు మంచం మీద వుండి బయటికి వచ్చేసరికి మనిషి వడలిన తోటకూర కాడలా వుంటాడు. ఆ స్థితిలో బస్సు ఎక్కించలేం. అద్దె కారు ఎక్కిస్తే నెల తిరిగేసరికి ఇల్లు గడవదు. చివరికి మా అక్కయ్య మెళ్ళో గొలుసు అమ్మి, దాచుకున్నది కూడా కలిపి, 2,50,000 రూపాయలు నా చేతిలో పెట్టింది. "అందమైనది వద్దురా తమ్ముడూ, దార్లో ఆగనిది చూడు" అంది. పాత కార్ల గురించి ఇంతకంటే మంచి సూత్రం నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మా మేనల్లుడిది కుర్రతనం. "మామయ్యా, ఇదే డబ్బుకి ఎంత పెద్ద కారు వస్తోందో చూడు!" అంటూ ఫోనులో బొమ్మ చూపించాడు. నిజమే. ఒకప్పుడు పది పన్నెండు లక్షలు పలికిన బండి రెండున్నరకి దిగివచ్చింది. కాని దిగింది బండి ధర. దాని సామాను ధర దిగలేదు. చింత చచ్చినా పులుపు చావదంటారే, అదీ సంగతి. పెద్ద కారుకి ఒక్క దెబ్బ తగిలితే చిన్న కారుకి ఏడాది పొడుగునా అయ్యే ఖర్చు ఒక్క బిల్లులో వస్తుంది. అంచేత, వీధి వీధినా కనబడే చిన్న బండి, ప్రతి షెడ్డులోనూ బాగుచెయ్యగలిగిన బండి, ప్రతి వూళ్ళోనూ సామాను దొరికే బండి మేలనుకున్నాం. డీజిలు జోలికి పోలేదు. వారానికి 150 పైచిలుకు కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి దానివల్ల మిగిలేది స్వల్పం. అది మొరాయిస్తే వదిలేది ఘనం.

మా వీధి చివర షెడ్డులో ఒక పెద్దాయన వున్నారు. అందరూ సాయిబుగారంటారు. బండి చూడ్డానికి వస్తే 1,000 రూపాయలు పుచ్చుకుంటారు. "చూసినందుకే వెయ్యా?" అని సణిగేవాళ్ళున్నారు. రెండు లక్షలు పెట్టేవాడు ఆ వెయ్యి దగ్గర పొదుపు చెయ్యడం, ఇల్లు కట్టి తలుపుకి గడియ మానేసినట్టు వుంటుంది.

మొదట చూసిన బండి ధగధగ మెరుస్తోంది. రీడింగు 38,000 చూపిస్తోంది. సాయిబుగారు రంగు వంక చూడనే లేదు. బోనెట్టు మీద అరచెయ్యి ఆనించి, "వేడిగా వుంది, బాబుగారూ. మనం వచ్చేలోగా స్టార్టు చేసి వుంచారు" అన్నారు. చల్లారిన ఇంజను మొదటిసారి ఎలా అందుకుంటుందో చూస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుందిట. వేడెక్కాక ముసలి ఇంజను కూడా కుర్రదానిలా పాడుతుంది. తరవాత తలుపు తీసి క్లచ్చి పెడలు చూపించారు. రబ్బరు గాడులన్నీ అరిగి నున్నగా గులకరాయిలా వుంది. 38,000 కిలోమీటర్లకి అంత అరగదు. రీడింగుని వెనక్కి తిప్పేవాళ్ళు పెడలు సంగతి మరిచిపోతారు కాబోలు! గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఒకటి తీసి తలుపు మీద జరుపుకుంటూ పోతే, ఒకచోట అంటుకోక జారిపోయింది. అక్కడ రేకు తక్కువ, పుట్టీ ఎక్కువ. టింకరింగు జరిగిందన్నమాట.

రెండో బండి విజయవాడది. ధర ఆశ్చర్యంగా తక్కువ. లోపల అత్తరు దుకాణంలా ఘుమఘుమ. సాయిబుగారు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా బయటికి లాగారు. ఆఖరి జానెడూ మట్టి రంగు. డిక్కీలో స్టెప్నీ ఎత్తి చూస్తే అడుగున సన్నటి ఒండ్రు, తుప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు ఎన్నో బండ్లు ఆ నీళ్ళలో నానాయి. వాటిని చూపించి అమ్మితే తప్పు లేదు. కప్పిపెట్టి అమ్మితేనే కొనేవాడి కొంప మునుగుతుంది. నీళ్ళు తాగిన ఇంజనుని బాగుచెయ్యవచ్చు. తీగల జాయింట్లలో చేరిన తేమ మాత్రం వెంటనే బయటపడదు. నెలలు గడిచాక, ఏ చీకటివేళో దీపాలు ఆర్పేస్తుంది. డయాలిసిస్ అయిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని, నడిరోడ్డు మీద ఆ ముచ్చట ఎవరికి కావాలి?

మూడోది రిటైరైన ఒక మాష్టారి వాగన్‌ఆర్, 2014 నాటిది. ఎత్తయిన బండి గనక రోగి వంగి దూరనక్కర్లేదు; కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. పక్కనంతా గీతలు. మేనల్లుడు మొహం చిట్లించాడు. సాయిబుగారు మాత్రం, "ఇవి దాచలేదు బాబూ, అది మంచి గుర్తు" అన్నారు.

చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆయన వెనక్కి వెళ్ళి సైలెన్సరు దగ్గర నిలబడ్డారు. నీలి పొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నట్టు. నల్లది వస్తే పెట్రోలు సరిగ్గా మండనట్టు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూనే వుంటే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. ఈ బండికి పొగ లేదు. ఆయిలు మూత తిప్పి అడుగున చూశారు. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురుంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయన్నమాట. అదీ లేదు. టైరు మీద 4 అంకెలు చదివించారు: 3518. అంటే 2018లో 35వ వారం తయారు. "గాడులున్నాయి గాని రబ్బరు ముసలిదయింది. నాలుగూ మార్చాలి. క్లచ్చి కూడా చివరికొచ్చింది" అన్నారు.

అప్పుడు మాష్టారు లోపలినించి ఒక నోటుబుక్కు తెచ్చారు. ఆయిలు మార్చిన తారీఖులు, అప్పటి రీడింగు, ఖర్చు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఎక్కడికక్కడ బిల్లు అంటించి వున్నాయి. బిల్లుల్లో అంకెలు మెట్టు తరవాత మెట్టులా ఎక్కుతూ వచ్చి, కారులో చూపించే అంకెకి సరిపోయాయి. సాయిబుగారు పుస్తకం మూసి, "ఇంక నేను చూడాల్సింది లేదు" అన్నారు. మేత సంగతి తేలిపోయింది.

2,20,000 చెప్పిన బండి, టైర్లూ క్లచ్చీ లెక్క చూపించాక 2,05,000కి తెగింది. మిగిలిన 45,000 ముందే పక్కన పెట్టుకున్న సొమ్ము. పాత బండి కొనేవాళ్ళు చేతిలో వున్నదంతా ధర కింద ఇచ్చెయ్యకూడదు. ఎంత మంచిదైనా, మొదటి నెలలో టైర్లనీ, బ్యాటరీ అనీ, బెల్టులనీ చెయ్యి చాస్తుంది.

కాగితాల దగ్గర మాష్టారు మాకంటే గట్టివారు. పరివాహన్ సైటులో బండి నెంబరు కొట్టి, సంవత్సరం, యజమాని, పాత చలానాలు అన్నీ చూపించారు. బ్యాంకు అప్పు ఎప్పుడో తీర్చినా, ఆర్‌సిలో ఆ పద్దు తీయించకపోతే బదిలీ సాగదు. ఆయన తీయించి వుంచారు. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి, "పేరు మారేదాకా నాకు నిద్ర పట్టదండీ" అన్నారు. ఆ భయంలో న్యాయం వుంది. పుస్తకంలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి అమ్మేసినా, పేరు మారకముందు ప్రమాదం జరిగితే పరిహారం పాతవారి మెడకి చుట్టుకుంటుంది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో కొత్త పేరుకి మార్పించుకోవాలి. క్లెయిము చెయ్యనందుకు వచ్చే రాయితీ మనిషిది గాని బండిది కాదు. కొన్నవారికి అది రాదు. సొంత బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. అంటే ఈ బండికి 2029 దాకా గడువు. ఆపైన తనిఖీలో నెగ్గితే 5 ఏళ్ళు పొడిగిస్తారు. ఆ లెక్క కూడా ధరలో చూసుకోవాలి.

బండి ఇప్పుడు వారానికి 3 సార్లు గుంటూరు వెళ్ళి వస్తోంది. గీతలు అలాగే వున్నాయి. వాటికి రంగు వేయిద్దామని మేనల్లుడంటే, "ఆ డబ్బుతో ఆయిలు మార్పించు" అంది అక్కయ్య. వాడు మార్పించాడు. మాష్టారి నోటుబుక్కులో ఆఖరి పద్దు కింద గీత గీసి, తారీఖు వేసి, రీడింగు రాసి, బిల్లు అంటించాడు.