వ్యాసం గురించి ఒక వ్యాసం

తెలుగులో "వ్యాసం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మీరిప్పుడు చదువుతున్నది. రెండోది వృత్తాన్ని నడిమధ్యగా కొలిచే గీత. ఈ వ్యాసం ఆ రెండో వ్యాసాన్ని గురించినది. కారు ఇంజనులోకి గాలి వెళ్ళే ద్వారం ఎంత వెడల్పు ఉండాలన్నదే విషయం.

ఆ ద్వారాన్ని థ్రాటిల్ బాడీ అంటారు. దాని లోపల గుండ్రని రేకు ఒకటి ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజనుకు పెట్రోలు పోస్తున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి మనం తెరిచేది గాలి తలుపును. ఎంత గాలి వచ్చిందో లెక్కగట్టి, అందుకు తగినంత పెట్రోలును కంప్యూటరు చిమ్మిస్తుంది.

మా మేనల్లుడు ఇంజనీరింగు విద్యార్థి. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో, ఇంట్లో ఉన్న 1197 సీసీ కారుకు 45 మిల్లీమీటర్ల థ్రాటిల్ తీయించి 50 మిల్లీమీటర్లది పెట్టిస్తానన్నాడు. "పికప్ లేదు మామయ్యా, దానికి ఊపిరాడటం లేదు" అన్నది వాడి వాదం. ఆ కారును నడిపేది మాత్రం మా అక్క. 48వ ఏట డ్రైవింగు నేర్చుకుని, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని ఉద్యోగానికి రోజూ అందులోనే వెళ్తోంది.

వాడి మాటను తోసిపుచ్చకుండా లెక్క వేశాం. నాలుగు స్ట్రోకుల ఇంజను ప్రతి రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 6000 చుట్ల వద్ద, సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే, సుమారు 3,050 లీటర్లు. 45 మిల్లీమీటర్ల రంధ్రంలో ఆ గాలి వేగం సెకనుకు దాదాపు 32 మీటర్లు. గొంతు నులిమేంత వేగమేమీ కాదు.

అయినా లెక్క లెక్కే. ఊపిరాడుతోందో లేదో ఇంజనునే అడగవచ్చు. థ్రాటిల్ దాటిన తర్వాత గాలి పీడనాన్ని కొలిచే సెన్సారు ఆ కారులో ఉంది. చిన్న స్కానరు తగిలిస్తే అంకె ఫోనులో కనిపిస్తుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడి వాతావరణ పీడనం 101 కాదు, సుమారు 95 కిలోపాస్కల్స్. ఇంజను ఆపి ఉంచినప్పుడు స్కానరు కూడా 95 అనే చూపింది. ఒక ఆదివారం తెల్లవారుజామున, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద, ఖాళీ చూసుకుని రెండో గేరులో పూర్తిగా తొక్కాను. వాడు అంకె చదివాడు: 94. ద్వారం వద్ద నష్టపోతున్నది ఒక్క వంతు. ద్వారాన్ని ఎంత పెద్దది చేసినా తిరిగి దొరికేది ఆ ఒక్క వంతే.

పోయేది మాత్రం ఎక్కువ. 50 వ్యాసం గల వృత్తం వైశాల్యం 45 దానికంటే 23 శాతం అధికం. అంటే పెడలును అంతే నొక్కినా తలుపు సందు ఆ మేరకు పెద్దదవుతుంది. చైతన్యపురి, కొత్తపేటల మీదుగా వెళ్ళే ఆ దారి పైన 2018 సెప్టెంబరు 24 నుంచి మెట్రో పరుగెడుతోంది. కింద మాత్రం ఆటోలు, బస్సులు, అడ్డంగా రోడ్డు దాటే జనం. అక్కడ ఇంజను జీవితమంతా సన్నని సందులోనే గడుస్తుంది. అక్క పాదం నెలల తరబడి నేర్చుకున్నది ఆ సన్నని సందునే. ముందు బండికి జానెడు దూరంలో కదులుతున్న మనిషికి, కారు ఒక్కసారిగా ముందుకు దూకడం పికప్ అనిపించదు.

మెకానిక్కు షెడ్డులో చూపిస్తే అరిగిపోయిన స్పార్కు ప్లగ్గులు, గాలి తగ్గిన టైర్లు బయటపడ్డాయి. వాటిని సరిచేశాక పోయిన చురుకుదనం చాలావరకు తిరిగివచ్చింది. వాడి డబ్బు వాడి దగ్గరే ఉంది.

పెద్ద థ్రాటిల్ ఎప్పుడూ వృథా అని నేననను. క్యామ్‌షాఫ్టు మార్చి, హెడ్డు మలిపించి, ఇంజను మునుపటికంటే ఎక్కువ గాలి కోరేలా చేసినవారికి అది అవసరమే కావచ్చు. పూర్తిగా తొక్కినప్పుడు పీడనం బయటి గాలికంటే నాలుగైదు వంతులు పడిపోతుంటే, ద్వారం ఇరుకైందని అనుమానించాలి. ముందు ఎయిర్ ఫిల్టరు చూసి, ఆ తర్వాత వ్యాసం పెంచాలి. కొలత ముందు, కొనుగోలు తర్వాత.